తెగాల్సిన దారం

పోయినవారం సువర్ణను మనం జూలూరుపాడు సెంటర్లో, బస్సు మెట్టు మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఒక కాలు బస్సులో, ఒక కాలు గాల్లో పెట్టుకుని నిలబడి ఉంది. ముందు ఆమెను కిందికి దించాలి. దించేలోపు, ఈ వారమే కొత్తగా మనతో చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మీకూ కొంత మరపు వచ్చే ఉంటుంది.

బానోతు సువర్ణ ఈ పక్క తండాలో పుట్టిన పిల్ల. ఇప్పుడు సముద్రతీరంలో ఒక అంతరిక్ష కేంద్రంలో పారాచూట్లు మడిచే విభాగానికి పెద్ద. మనుషులను మోసుకెళ్ళే రాకెట్‌లో నిప్పు అదుపు తప్పితే, పైనున్న చిన్న మోటార్లు వాళ్ళు కూర్చున్న క్యాప్సూల్‌ను ఒక్క ఊపున పీకి దూరంగా తీసుకుపోతాయి. ఆ తర్వాత దాన్ని మెల్లగా కిందికి దించాల్సింది సువర్ణ బృందం మడిచిన మూడు పారాచూట్లు. పోయిన నెల లోపల బొమ్మలను కూర్చోబెట్టి ఈ పద్ధతిని పరీక్షించారు. క్యాప్సూల్ సముద్రంలో పడింది, టీవీలన్నీ చప్పట్లు కొట్టాయి. కేంద్రంలో పనిచేసేవాళ్ళు మాత్రం కొట్టలేదు. మూడో పారాచూట్ రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంది. రెండు సెకన్లే కదా అనకండి. ఆ వేగానికి అది నూట ముప్పై మీటర్లు. మిగిలిన రెండూ సమయానికి తెరుచుకున్నాయి కాబట్టి గండం గడిచింది.

తప్పు ఎక్కడుందో కూడా దొరికింది. పారాచూట్ సంచి మూతిని ఒక సన్న దారంతో కట్టి ఉంచుతారు. ఆ దారం గట్టిగా ఉండకూడదు. ఇంత లాగుడుకు తెగాలని లెక్క కట్టి చేయించిన దారం అది, దానికి ఒక్కటే ముడి వేయాలి. మూడో సంచికి ఎవరో రెండు ముళ్ళు వేశారు. పని చేసినట్టు కాగితంలో సంతకం కోటేష్‌ది. ములకలపల్లి దగ్గరి తండా మనిషి, సువర్ణే తీసుకొచ్చి పని నేర్పింది. సోమవారం పది గంటలకు విచారణ కమిటీ అతన్ని ఇంటికి పంపేస్తుంది. కోటేష్ నోరు విప్పడం లేదు. గురువారం నాడు ఇంకో పరీక్ష ఉంది. ఆ ముడి కోటేష్ చేతిది కాదని సువర్ణకు తెలుసు. తెలిస్తే సరిపోదు కదా, రుజువు కావాలి. అందుకే తనకు మొదటిసారి సూది పట్టించిన దర్జీ మహబూబ్ అలీని వెతుక్కుంటూ శనివారం మధ్యాహ్నానికి జూలూరుపాడు వచ్చింది.

సరే, దిగు తల్లీ.

దిగింది. కార్తీకమాసపు ఎండ మెత్తగా ఉంది. పత్తి ట్రాక్టర్లు కొత్తగూడెం రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి, గాలికి ఎగిరిన దూది కరెంటు తీగలకు, టీకొట్టు రేకులకు, ఆగి ఉన్న ఆటో అద్దానికి అంటుకుంది. సువర్ణ భుజం మీద కూడా ఒక పోగు వాలింది. దాన్ని తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఆమెకు అదొక అలవాటు. పోగు ఎంత పొడుగుందో చూడకుండా ఉండలేదు. బడి లేని రోజుల్లో తల్లి పూలితో పాటు చేలల్లో పత్తి ఏరిన చేతులవి. పెద్ద చదువులు చదివినా చేతుల బుద్ధి మారలేదు.

కొట్టు అక్కడే ఉంది. బోర్డు మారింది. 'మహబూబ్ టైలర్స్' అన్న పాత అక్షరాల మీద 'ఫజిలత్ లేడీస్ టైలర్' అని గులాబీరంగులో రాయించారు. ముందు గదిలో, సువర్ణ చాచా అని పిలిచే మహబూబ్ అలీ కోడలు ఫజిలత్ మోటారు మిషను మీద జాకెట్టు కుడుతోంది. మనిషిని చూడగానే పెడల్ మీంచి కాలు తీసేసింది.

"అరె, సువర్ణ! ఫోన్ చేసి రావద్దా? నేను బిర్యానీ వండుదును గద!"

"అందుకే చెయ్యలేదు వదినా. చాచా ఉన్నడా?"

"ఏడికి పోతడు? లోపట కూసున్నడు. కండ్ల ఆపరేషనైనంక ఇంకా ఎక్కువ తప్పులు పడుతుండు. నా కుట్లన్నీ వంకరేనంట!"

లోపలి గదిలో పాత వాసన. మిషను నూనె, కొత్తగుడ్డ గంజి, ఎప్పుడో చల్లారిపోయిన బొగ్గుల ఇస్త్రీ. ఈ మూడూ కలిసిన వాసన ప్రపంచంలో ఇంకెక్కడా లేదని సువర్ణ అంటుంది. నేను నమ్ముతాను. గోడకు ఆనించి పాత కాలిమిషను ఉంది, దాని పక్కన కుర్చీలో మహబూబ్ అలీ. డెబ్బయ్యారేళ్ళ మనిషి, తెల్ల గడ్డం, మెళ్ళో ఇంకా టేపు. కుట్టడం మానేసి నాలుగేళ్ళయింది. టేపు మాత్రం తీయడు.

"ఎవలది నడక? పూలి బిడ్డెనా?"

"అవ్ చాచా."

"ఎప్పుడొచ్చినవ్ బేటీ?"

"గిప్పుడే దిగిన."

"మొఖం చూస్తే తిన్నట్టు లేదు. ఫజిలత్, జల్దీ చాయ్ పెట్టు. బిస్కెట్లు గూడ." ఆయన సువర్ణ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూపుడువేలి కొసను తడిమాడు. అక్కడ సూది పొడిచీ పొడిచీ గట్టిపడిన చర్మం ఉంది. అది తగలగానే ఆయన మొహం వెలిగింది. "పోలే. ఆఫీసరయినవ్ గదా, మెత్తబడ్డదేమో అనుకున్న."

సువర్ణకు కళ్ళు చెమర్చాయి. ఊరికే కాదు. ఆమె తొమ్మిదేళ్ళప్పుడు ఈ గదిలో, ఇదే గచ్చు మీద కూర్చుంది. ఎండాకాలం సెలవుల్లో పూలి పొద్దున్నే తునికాకు కోతకు అడవిలోకి పోతూ పిల్లను ఇక్కడ దింపేది. పూలికి సూదిపని రాక కాదు. ఆమె అద్దాల లంగా మీద వేసుకున్న కుట్టు చూసి చాచానే ముక్కున వేలేసుకునేవాడు. అడవిలో ఎండకు పిల్ల సోలిపోతుందని ఆమె బాధ. మొదటి ఏడు సువర్ణ చేసిన పనల్లా కింద పడ్డ గుండుసూదులు అయస్కాంతంతో ఏరడం. రెండో ఏడు కాజాలు. ఆ తర్వాత అంచులు మడిచి చేత్తో కుట్టే తుర్పాయి. జూన్ వచ్చిందంటే ఆశ్రమ పాఠశాలల యూనిఫారాలు గుట్టలుగా పడేవి. నీలం లాగులు, తెల్ల చొక్కాలు. ఆ గుట్ట మీదే ఒకసారి నిద్రపోయింది. చాచా లేపలేదు. ఆ రోజు కుట్టాల్సిన చొక్కాలన్నీ ఆమె కిందే ఉన్నా సరే, లేపలేదు.

ఆ కొట్టుకు రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, గుడ్డలో సూది వదిలేసి లేవకూడదు. గిరాకీ పిలిచినా, నమాజుకు వేళైనా సరే. సగం కుట్టులో సూది వేలాడితే ఆ బట్ట తొడిగేవాడికి మంచిది కాదని చాచా తండ్రి నమ్మకం. ఒకవేళ లేవక తప్పకపోతే, పక్కన ఎవరుంటే వాళ్ళు ఆ సూది అందుకుని కుట్టు పూర్తి చేసి ముడి వేయాలి. ఎవరి పని అని చూసుకోవడం ఉండదు. రెండో కట్టుబాటు తండా వాళ్ళ బట్టలకు, తన సొంత బట్టలకు మాత్రమే.

"పట్నపోళ్ళ అంగీకి ఒక్క ముడి సాలు," అనేవాడు చాచా. "మీరు ముండ్లల్ల, పొదలల్ల తిరుగుతరు. మీకు రెండు." దారాన్ని ఒక కుట్టు వెనక్కి తిప్పి, కింద నుంచి తెచ్చి మళ్ళీ ముడి. అది ఊడిందని ఒక్కరు కూడా తిరిగి రాలేదు. పూలి రవికె చేతులు చిరిగిపోయాయి కానీ కుట్టు విడలేదు. ఆ రెండో ముడి ఎవరూ అడిగిందీ లేదు, ఆయన చెప్పుకున్నదీ లేదు. ప్రేమంటే ఏమిటో సువర్ణకు ఇంట్లో తెలిసింది, ఇంటి బయట తెలిసింది మాత్రం ఇక్కడే.

చాయ్ వచ్చింది. సువర్ణ రెండు గుటకలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"చాచా, నీకో కుట్టు చూపియ్యాలె. ఎవలి చేతిదో చెప్పాలె."

"దా, ఇటియ్యి."

"గుడ్డ లేదు. ఫోన్ల ఫోటో ఉన్నది."

"ఫోటోనా? ఫోటోను నేనెట్ల తడుమాలె?" అని నవ్వాడు చాచా. ఫజిలత్ వచ్చి పక్కన కూర్చుని ఫోన్ అందుకుంది. ఆ ఫోటో బయటివాళ్ళకు చూపించకూడదని సువర్ణకు తెలుసు. దారం, నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ తప్ప అందులో ఏమీ లేకుండా కత్తిరించింది. అయినా తప్పు తప్పే.

ఫజిలత్ బొమ్మను పెద్దది చేసి మామ కళ్ళ ముందు పెట్టింది. ఆయన అద్దాలు పైకి తోసి, కిందికి దించి, మెడ వెనక్కి వాల్చి చూశాడు.

"దీని మీద ఒక మనిషి ఉద్యోగం ఉన్నది చాచా. మా కోటేష్ వేసిండంటున్నరు. నేను నేర్పిన పిలగాడు, వాని చెయ్యి నాకు తెల్వదా? చూడు, దారం అటు నుంచి ఇటు తిరిగింది. కోటేష్ ఇటు నుంచి అటు తిప్పుతడు. ఇది వాడు కాదు. వేరేటోళ్ళెవరో వేసిండ్రు. సంచి పంపిన కంపెనోళ్ళు గూడ కావచ్చు. నువ్వు ఒక్క మాట చెప్పు, ఇది వేరే చెయ్యని. నా పానానికి అది సాలు."

చాచా ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత చూపు తీసేసి గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

"వేరే చెయ్యే," అన్నాడు.

"చెప్పిన గద!" సువర్ణ లేచి నిలబడింది. పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"కూసో బేటీ."

"ఏంది చాచా?"

"కూసోమన్న."

ఆయన తను తొడుక్కున్న కుర్తా అంచును పట్టుకుని లోపలి వైపుకు తిప్పాడు. పాతది, ఇరవై ఏళ్ళ కిందట స్వయంగా కుట్టుకున్నది. పక్క కుట్టు చివర ముడిని గోటితో చూపించాడు. "ఫజిలత్, ఫోన్ దీని పక్కన పెట్టు. సువర్ణా, నువ్వు చూడు."

సువర్ణ చూసింది. ఒక ముడి. దారం ఒక కుట్టు వెనక్కి. కింద నుంచి పైకి. రెండో ముడి. ఫోన్‌లోనూ అదే. అంగుళం అటూ ఇటూ లేదు. ఒక్కటే తేడా. కుర్తాలో రెండో ముడి కుడి పక్కన పడింది, ఫోటోలో ఎడమ పక్కన.

"ఇది మన దుకాణం ముడి," అన్నాడు చాచా మెల్లగా. "మా అబ్బా నాకు నేర్పిండు, నేను నలుగురికి నేర్పిన. అందరు నా పక్కన కూసోని నేర్చుకున్నరు, అందరికి కుడిదిక్కే పడ్తది. ఒక్క పిల్ల మాత్రం నాకు ఎదురుంగ కూసునేది. పక్కన కూసోమంటే వినకపోయేది. నీ మొఖం కనపడాలె చాచా అనేది. నేను చేసేది అద్దంల చూసినట్టు చూసి నేర్చుకున్నది. దానికి ఎడమదిక్కు పడ్తది. దునియాల ఈ ముడి ఎడమదిక్కు వేసేటోళ్ళు ఒక్కరే ఉన్నరు."

ఫజిలత్ ఫోన్ పట్టుకున్న చేతిని మెల్లగా ఒళ్ళోకి దించుకుంది.

"లేదు చాచా." సువర్ణ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను సంచులు ముట్టుకోను. నా పని చూసుడే. చేసినోడు చూడొద్దు, చూసినోడు చెయ్యొద్దు. మా దగ్గర రూల్ అది. నేనే పెట్టిన ఆ రూల్."

"అయితే యాది చేస్కో."

"యాది చేసుకునేదేమున్నది? నాకు తెల్వకుండ నా చెయ్యి..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆమెకు ఆ సాయంత్రం కనబడింది. తెల్లటి హాలు, పొడుగాటి బల్ల, తలకు టోపీలు. బల్ల మీద మూడో సంచి. కోటేష్ సూది గుచ్చాడు, దారం సగం లాగాడు. అప్పుడే ద్వారం దగ్గర ఎవరో పిలిచారు. భద్రాచలం దవాఖానాలో అతని తల్లికి ఆపరేషన్, ఇంటి నుంచి ఫోన్. "ఒక్క నిమిషం మేడం," అని కోటేష్ పరిగెత్తాడు. సంచి మూతిలో సూది అలాగే వేలాడుతోంది. హాలులో ఇంకెవరూ లేరు. సూది వేలాడుతోంది. సువర్ణ పక్కనే ఉంది.

అంతే. ఆమె దాన్ని పని అనుకోలేదు. పని చేస్తున్నానని కూడా అనుకోలేదు. దారి మీద పడ్డ ముల్లును పక్కకు తీసినట్టు ఆ సూది అందుకుంది. కుట్టు పూర్తి చేసింది. ముడి వేసింది. వెనక్కి తిప్పి ఇంకోటి వేసింది. కత్తిరించింది. మనసు అప్పుడు కోటేష్ తల్లి మీద ఉంది.

"అయ్యో," అంది సువర్ణ. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇక్కడ నేను మీకు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పిల్ల మీద నాకు పక్షపాతం ఉంది. ఆమె ఏడుస్తుంటే రాయడం ఆపేసి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. కానీ ఏం చేస్తాం, ఆమె ఏడుపు ఆపే మాట నా దగ్గర లేదు. చాచా దగ్గరా వెంటనే లేదు.

కాసేపటికి ఆమె చేతులు తీసింది. కళ్ళల్లో ఏడుపు పోయి కోపం వచ్చింది. పట్టుబడ్డ మనిషికి వచ్చే కోపం అది. ఎవరి మీద చూపాలో తెలియక ఎదురుగా ఉన్నవాళ్ళ మీద చూపిస్తాం.

"నువ్వే నేర్పినవ్ చాచా. సూది వదలొద్దన్నది నువ్వే. రెండు ముళ్ళన్నది నువ్వే. చిన్నప్పటి సంది నా చేతులల్ల గుచ్చి గుచ్చి పెట్టినవ్. ఇయ్యాళ చూడు ఏమైందో. ఆ క్యాప్సూల్ల మనుషులుంటే? ముగ్గురు మనుషులుంటే? నీ ముడి వాళ్ళను చంపును!"

"సువర్ణా!" అంది ఫజిలత్.

"అననియ్," అన్నాడు చాచా. ఆ మాట బాగా తగిలిందని కనబడుతూనే ఉంది. అయినా గొంతు పెంచలేదు. "సచ్చేదాకా తెగొద్దని నేర్పిన. అది నిజమే. కని నేను నీకు సగం పనే నేర్పిన బేటీ. ఇంకో సగం ఉన్నది. అది నేర్పలే."

"ఏ సగం?"

"ఊర్ల ఎవరన్న పోతే కఫన్ గుడ్డ మన దుకాణంలనే కత్తిరించేది. గుర్తుందా? అప్పుడు నిన్ను బయటికి పంపేటోన్ని. పోయి శనగలు కొనుక్కో అనేటోన్ని."

సువర్ణకు గుర్తుంది. ఎందుకు పంపేవాడో మాత్రం ఎన్నడూ అడగలేదు.

"కఫన్‌కు కుట్టు ఉండదు. ముడి అసలే ఉండదు. తలకాడ, నడుముకాడ, కాళ్ళకాడ గుడ్డపట్టీలు కడ్తం, అంతే. ఖబర్ల దించినంక విప్పేస్తం. అల్లా దగ్గరికి పోయేటోన్ని కట్టేసి పంపొద్దు గద. ఆ కట్టు కట్టేటప్పుడు మా అబ్బా ఒక మాట చెప్పిండు నాకు. దర్జీకి కుట్టుడొక్కటే వస్తే సాలదురా, ఏది ఎప్పుడు విప్పుకోవాల్నో గూడ తెలువాలె అని. నువ్వు చిన్నపిల్లవు, చావు సంగతి నీకెందుకని నేను చెప్పలే. పెద్దగైనంక చెప్దామనుకున్న. నువ్వు పెద్దగయ్యేసరికి హాస్టల్‌కు పోయినవ్." ఆయన టేపు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది. నన్ను గూడ మీ ఆఫీసుకు తీస్కపో, చెప్త."

సువర్ణ కోపం ఎటుపోయిందో పోయింది. ఆమె కుర్చీ ముందు గచ్చు మీద, చిన్నప్పుడు కూర్చున్నట్టే ఎదురుగా కూర్చుని, ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఆయన తల మీద చెయ్యి వేశాడు. నలభై ఏళ్ళ ఆడమనిషి, పదిమంది ఇంజనీర్లకు పెద్ద. ఆ గచ్చు మీద మాత్రం పూలి బిడ్డే. ఆ రోజులు మళ్ళీ రావాలని, చొక్కాల గుట్ట మీద నిద్రపోవాలని, ఎవరూ లేపకూడదని ఆమెకు ఎంత అనిపించిందో నేను చెప్పలేను.

కావాల్సిన మాట ఫజిలత్ అంది.

"మరి ఆ పిలగాడు? కోటేషో ఎవరో. వాని ఉద్యోగం పోతదా?"

సువర్ణ తలెత్తింది.

"చెప్తే నాది పోతది," అంది. "ప్యాకింగ్ లైసెన్సు తీసేస్తరు. చూడాల్సినదాన్ని నేను చేసిన. చేసి, నేనే చూసినట్టు సంతకం పెట్టిన. అంతకన్న పెద్ద తప్పు మా దగ్గర లేదు." ఆగి, ఇంకో మాట కూడా బయట పెట్టింది. "మా ఆశ్రమ పాఠశాల గోడ మీద నా ఫోటో పెట్టిండ్రు వదినా. పోయినేడు నేనే పోయి రిబ్బన్ కత్తిరించిన."

"ఫోటోదేముంది, దించుతరు," అన్నాడు చాచా. "ఆ ముడి నువ్వు వేసినవని వాళ్ళకు తెల్వకపోతే ఏమైతది?"

"కోటేష్ తప్పని రాసి ఫైలు మూసేస్తరు."

"అంటే అసలు తప్పు అట్లనే ఉంటది."

"అవ్."

చాచా ముందుకు వంగాడు. ఆపరేషన్ అయిన కళ్ళు, అయినా సూటిగా చూశాడు. "ఇంకెన్ని వేసినవ్?"

"ఒక్కటే చాచా. ఆ ఒక్కటే. నాకు బాగ యాదికున్నది."

"ఇంతకు ముందు అది గూడ యాదికి లేకుండె గద."

సువర్ణ ఫజిలత్ ఒళ్ళోంచి ఫోన్ తీసుకుంది. కమిటీ పెద్దకు చేయాలని వేలు అతని పేరు దాకా వెళ్ళి, ఆగి, కిందికి జరిగింది. ముందు మాట్లాడాల్సిన మనిషి వేరే ఉన్నాడు. స్పీకర్ నొక్కింది. ఈ ఇద్దరి ముందు దాచాల్సిందేమీ మిగల్లేదు.

రెండో రింగుకే ఎత్తాడు కోటేష్.

"మేడం."

"కోటేష్, యాడున్నవ్?"

"రూంల ఉన్న మేడం. సామాన్లు సర్దుకుంటున్న."

"సర్దకు." సువర్ణ ఊపిరి పీల్చుకుంది. "ఆ ముడి నాది. నువ్వు అమ్మ ఫోన్‌కు పోయినప్పుడు నేనే వేసిన. నాకు ఇప్పుడు తెలిసింది. సోమవారం కమిటీ ముంగట చెప్తున్న."

ఆశ్చర్యపోతాడనుకుంది. ఏడుస్తాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"నాకు తెలుసు మేడం," అన్నాడు కోటేష్.

"ఏంది?"

"నేను వచ్చేసరికి దారం కత్తిరించి ఉన్నది. హాల్ల మీరొక్కరే ఉన్నరు. ఇంకెవరేస్తరు?"

"మరి సంతకం ఎందుకు పెట్టినవ్?"

"మీరు వేస్తే తప్పుంటదని నేననుకోలే. కింది ముడి నేను చూడలే, మూతి మలిచి ఉండె. తప్పని తెలిసేసరికి పరీక్ష అయిపోయింది."

"పది రోజుల సంది నోట్ల మాట లేకుండ కూసున్నవ్. నన్నెందుకు అడగలే? ఎందుకు చెప్పలే?"

కోటేష్ ఇప్పుడు మేడం అనడం మానేశాడు. గొంతు తండా గొంతయింది.

"నన్ను తీసేస్తే ఒక్కడు పోతడు అక్కా. నిన్ను తీసేస్తే, రేపు మన తండాల పిల్ల ఒక్కతన్న ఆ గేటుకాడికి వస్తే, మీ సువర్ణ గిట్ల చేసింది అంటరు. మా చెల్లె ఇంటర్ చదువుతున్నది. నీ ఫోటో చూసి చదువుతున్నది. నేను పోతే ఏమైతది? యాడనో ఓకాడ పని చేసుకుంట."

ఫజిలత్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. చాచా రెండు చేతులూ మొహం మీదుగా తీసి ఏదో మెల్లగా అనుకున్నాడు. సువర్ణకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. ఒక మనిషి తన కోసం ఇంత మోస్తుంటే తాను రూల్స్ పుస్తకం పట్టుకుని తిరిగానన్న సిగ్గు ఆమెను నిలువునా ముంచేసింది.

"నీ నౌకరి పోదు," అంది గట్టిగా. "ఎల్లుండి పది గంటలకు నేను చెప్తున్న. ఇగ దీని మీద మాటలేదు."

"చెప్పక్కా. చెప్పాలె. నేను గూడ రెండు రోజుల సంది నీకు ఫోన్ చెయ్యాల్నా వద్దా అని కొట్టుకుంటున్న." కోటేష్ గొంతు తగ్గింది. "కని ఎల్లుండి దాకా ఆగొద్దు."

"ఎందుకు?"

"నన్ను హాల్లకు రానిస్తలేరు అక్కా. రానిస్తే నేనే ఎట్లనో ఒకట్ల విప్పి సరిచేద్దును. ఆ నెలంత అమ్మ దవాఖానాల ఉన్నది. ఫోన్లు ఒక్కటా రెండా? నేను మధ్యల లేసి పోయింది ఒక్కనాడు కాదు, వచ్చేసరికి ప్రతిసారి దారం కత్తిరించే ఉండె."

సువర్ణ చేతిలో ఫోన్ బరువెక్కింది. ఆ నెలలో వాళ్ళు మడిచింది ఒక పరీక్షకు సరిపడా పారాచూట్లు కాదు. రెండు పరీక్షలకు.

"గురువారం పోయే సంచులా?"

"అవ్."

"ఎన్ని?"

ఒక పారాచూట్ ఆలస్యమైతే క్యాప్సూల్ బతుకుతుంది. అది చూశారు. ఒకటి కంటే ఎక్కువైతే ఏమవుతుందో లెక్క కట్టింది సువర్ణే, ఆ కాగితం మీద సంతకం కూడా ఆమెదే.

"మూడిట్ల రెండు అక్కా," అన్నాడు కోటేష్. "ఇయ్యాళ పొద్దుగాలనే క్యాప్సూల్ల పెట్టి మూత బిగించిండ్రు."